మన పూర్వుల జాడ తీయుట యెట్లు?

ప్రతి సంవత్సరము జూన్ నెలలో మా పాఠశాల కార్యాలయమున ఒక చిన్న సంభాషణ జరుగుచుండును. బిడ్డను చేర్పించుటకు వచ్చిన తండ్రిని, "పిల్లవాని పేరునకు ముందున్న 'వి' అను అక్షరము దేనికండీ?" అని మేము అడుగుదుము. తండ్రి, "అది మా యూరి పేరండీ" అనును. ప్రక్కనున్న తల్లి, "కాదు, ఇంటిపేరు" అనును. అంతట ఊరిలోనున్న తాతగారికి ఫోను చేయుదురు. "అది మా నాయన పేరు. ఇంటిపేరు వేరే యున్నది. దానిని పట్టణమునకు పోయినప్పుడు వదలివేసితిరి" అని తాతగారు చెప్పుదురు. ఒక్క అక్షరమునకు మూడు అర్థములు!

తాతగారు ఉన్నారు గనుక ఆ దినమున సందేహము తీరినది. ఆయన లేని నాడు ఆ 'వి' అర్థము తెలియని అక్షరముగా మిగిలిపోవును. ఈ సంచికలో మేము వ్రాయదలచినది ఈ విషయమును గూర్చియే. పూర్వులను వెదకుట రాజవంశములకును పండితులకును మాత్రమే చెందిన పని కాదు. పాతపెట్టె యొకటియు, వృద్ధులొకరును ఉన్న ప్రతి యింటివారును చేయదగిన పని. ఆలస్యము చేసినకొలది కష్టమగు పని కూడ.

మన హూడి ఒకప్పుడు బెంగుళూరునకు తూర్పున పొలముల నడుమ నుండిన పల్లె. 2023 మార్చిలో మెట్రో రైలు కూడ వచ్చి, నేడు నగరములో కలిసిపోయినది. ఇచ్చటి తెలుగువారు రెండు విధముల వారు. కొందరు తరతరములుగా ఈ ప్రాంతముననే యుండి, ఇంట తెలుగును వీథిలో కన్నడమును మాటలాడువారు. తమ పెద్దలు ఎప్పుడు, ఎచ్చటినుండి వచ్చిరో వీరిలో పలువురు చెప్పలేరు. మరికొందరు గడచిన ఇరువది ముప్పది యేండ్లలో ఉద్యోగముల కొరకును, కట్టడపు పనుల కొరకును ఆంధ్ర, తెలంగాణముల నుండి వచ్చినవారు. వీరికి తమ యూరు తెలియును గాని వీరి పిల్లలకు తెలియదు. మొదటివారు ఎన్నడో పోగొట్టుకొనిన దానిని రెండవవారు ఇప్పుడు మన కన్నులయెదుట పోగొట్టుకొనుచున్నారు.

ఇది వేడుక కొరకు చెప్పు మాట కాదు. కొంతకాలము క్రిందట ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, పాఠశాల ధ్రువపత్రము కావలెనని అడిగెను. స్వగ్రామమున తాతగారి భూమిలో తన భాగము నిరూపించుకొనుటకు వంశవృక్షపు పత్రము అవసరమైనదట. పాత దస్తావేజులో తాతగారి పేరు 'చిన్న' అని మొదలగుచున్నది. ఓటర్ల జాబితాలో 'చెన్న' అని యున్నది. తండ్రి మరణపత్రములో ఇంగ్లీషు పొడి అక్షరము మాత్రమే కలదు. ముగ్గురును ఒకరేయని ఊరందరికిని తెలియును. కాని కాగితమునకు తెలియదు. సాక్ష్యము చెప్పగల పెద్దలు అప్పటికే గతించిరి. ఆయన పడిన శ్రమను చూచిన పిమ్మటనే ఈ వ్యాసము వ్రాయవలెనని మాకు తోచినది.

స్కాట్లండు వారి యనుభవము

ముందుగా పొరుగువారి సంగతి చెప్పుట మేలు. మన ప్రక్కనే యున్న వైట్‌ఫీల్డు 1882లో ఆంగ్లో-ఇండియనుల నివాసముగా ఏర్పడినది. మద్రాసులో వారి సంఘమును స్థాపించిన డి. ఎస్. వైట్ గారి ప్రయత్నమున మైసూరు మహారాజు పదియవ చామరాజ ఒడెయరు సుమారు 3,900 ఎకరముల భూమి నిచ్చిరి. ఆంగ్లో-ఇండియను కుటుంబములలో స్కాట్లండునుండి ఈ దేశమునకు కొలువునకై వచ్చినవారి సంతతియు కలదు. అట్టివారు తమ ముత్తాతల జాడ తీయదలచినచో చర్చి రిజిస్టరులతో మొదలిడుదురు. ఈ దేశమున జరిగిన బాప్తిస్మములు, వివాహములు, ఖననముల జాబితాలకు నకళ్లు వ్రాయించి ఆ కాలమున లండనునకు పంపుచుండెడివారు. అవి నేడు బ్రిటిషు లైబ్రరీలో భద్రముగా నున్నవి. అచ్చట పేరు దొరకిన పిమ్మట స్కాట్లండులోని కాగితములను వెదకవలెను.

కాగితములను దాచుటలో స్కాట్లండు వారు శ్రద్ధ గలవారు. అచ్చటి చర్చి రిజిస్టరులలో మిక్కిలి పాతది 1553 నాటిది. 1855 జనవరి 1వ తేది నుండి జననములను, వివాహములను, మరణములను ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. ఆ మొదటి సంవత్సరమున ఎన్నెన్నో ప్రశ్నలు వేసి వ్రాయించిరి. పని భారమైనందున మరుసటి యేట కొన్నిటిని తగ్గించిరి. జనాభా లెక్కల పుస్తకములను నూరేండ్లు గడచిన పిదప ప్రజలకు చూపుదురు. 1921 నాటి లెక్కలు 2022లో వెలువడినవి. ఇంత యున్నను, స్కాట్లండు పూర్వులు వెదకువారికి సులభముగా చిక్కరు. అందులకు గల కారణములు మనకు వింతగా తోచవు. అవి మన యింటి కారణములవంటివే.

మొదటిది పేర్లు పెట్టు ఆచారము. అచ్చట పెద్దకొడుకునకు తండ్రి తండ్రి పేరును, రెండవవానికి తల్లి తండ్రి పేరును పెట్టుట వాడుకగా నుండెను. పెద్దకూతురునకు అమ్మమ్మ పేరును, రెండవకూతురునకు నాయనమ్మ పేరును పెట్టెడివారు. మన యిండ్లలో పెద్దమనుమనికి తాత పేరు పెట్టుట లేదా? తాత సుబ్బయ్యకు నలుగురు కొడుకులున్నచో, నలుగురి యిండ్లలోను ఒక్కొక్క సుబ్బయ్య వెలయును. ఒకే యూర ఒకే పేరు గలవారు పదిమంది యున్నప్పుడు వారిలో మన తాత ఎవరు? స్కాట్లండు ఈశాన్యతీరమున జాలరి పల్లెలలో ఈ చిక్కు మరియు నెక్కువగా నుండెను. అందుచేత ప్రతివానికి ఒక మారుపేరు పెట్టుకొని, దానిని సర్కారు జాబితాలలో గూడ వ్రాయించుకొనిరి. మనవారు పొట్టి సుబ్బయ్య, తూర్పింటి సుబ్బయ్య, బావికాడి సుబ్బయ్య అని పిలిచినట్లే యిదియును. వారు మారుపేరును జాబితాకు ఎక్కించిరి. మనము నోటితోనే విడిచితిమి.

రెండవది పేరు మారుట. మక్‌గ్రెగర్ అను వంశమువారిపై 1603లో రాజాగ్రహము కలిగి, ఆ పేరు ధరించుటయే నేరమైపోయెను. ఆ కుటుంబములు కాంబెల్ అనియు, మర్రే అనియు, గ్రాంటు అనియు ఇతరుల వంశనామములను పెట్టుకొని బ్రదికినవి. నడుమ కొంతకాలము సడలించినను, ఆ నిషేధము పూర్తిగా తొలగినది 1774లోనే. కావున నేడు ఎవరైన తమ వంశమును వెనుకకు వెదకుచు పోగా, ఒకచోట తాత పేరు హఠాత్తుగా అంతమైపోవును. తాత లేక కాదు. ఆయనను వేరొక పేరుతో వెదకవలసి యున్నది. మనవారికి రాజాజ్ఞ యేదియు లేకున్నను, పట్టణపు వాడుకకు లొంగి ఇంటిపేరును మనంతట మనమే వదలుకొనుచున్నాము. ఫలితము ఒకటియే.

ఇంటిలోని సాక్ష్యములు

మనదేశమున జనన మరణముల నమోదునకు దేశమంతటికి వర్తించు చట్టము 1969లో వచ్చినది. అంతకు పూర్వము నమోదు అక్కడక్కడ జరుగుచుండినను, పల్లెలలో అనేకుల పేర్లు ఎక్కలేదు. కావున మన యన్వేషణము కచేరీలో గాక ఇంటిలో మొదలు కావలెను.

పాతపెట్టెను తెరచి చూడుడు. జాతకచక్రము, శుభలేఖ, భూమి దస్తావేజు, అప్పుపత్రము, శిస్తు రసీదు, మనియార్డరు కూపను, పాత ఉత్తరపు కవరు—ఏదియు పారవేయదగినది కాదు. శుభలేఖలో ఇరువైపుల తాతల పేర్లు, ఊళ్లు ఉండును. కవరు మీది తపాలా ముద్రలో ఊరు, తేది ఉండును. ఫొటో వెనుక ఎవరో పెన్సిలుతో వ్రాసిన రెండు మాటలుండవచ్చును. కొందరు పెద్దలు పంచాంగము అంచులలో పిల్లలు పుట్టిన ఘడియలను, పెద్దలు గతించిన తిథులను వ్రాసియుంచెడివారు.

కాగితము కాని సాక్ష్యములును కలవు. పెండ్లిలో ఇచ్చిన ఇత్తడి బిందెలపై, చెంబులపై చుక్కలుగా కొట్టించిన పేరు ఒక చిన్న శాసనమువంటిదే. ఆబ్దికము పెట్టు ఆచారము గల యిండ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లును, తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లును చెప్పి పిండప్రదానము చేయుదురు. మూడు తరముల పేర్లు ఇట్లు నోటివెంట నిలచినవి. వాటిని ఒకమారు కాగితముపై వ్రాసికొనిన చాలును. క్రైస్తవ కుటుంబములకు చర్చి రిజిస్టరులు, ముస్లిము కుటుంబములకు నిఖానామాలు ఇట్టి యాధారములే. మన పల్లెలలో పిచ్చుకుంట్లవారు ఇంటింటికి వచ్చి ఆ యా కుటుంబముల గోత్రములను, వంశక్రమమును పాడి వినిపించెడివారు. వారు ఇంకను వచ్చు ఊళ్లు ఉన్నచో వారి మాటలను శ్రద్ధగా విని వ్రాసికొనుడు. కాశీ, గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములకు పోయినవారు అచ్చటి పండాల బహీ పుస్తకములలో తమ తాతల చేవ్రాలు చూచుట కలదు. తీర్థయాత్రకు పోవు పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

కాలనిర్ణయము

పాత కాగితము చేతికి దొరకినను అందలి తేది తెలియక అనేకులు విసిగి విడిచిపెట్టుదురు. దీనికి కొన్ని సులభమైన లెక్కలు కలవు. శాలివాహన శకవర్షమునకు 78 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. మద్రాసు రాజధానిలోని శిస్తు లెక్కలు ఫసలీ సంవత్సరములలో నుండును. వాటికి 590 కలుపవలెను. ఫసలీ 1300 అనగా 1890 జూలై మొదలు 1891 జూన్ వరకు.

ప్రభవాది సంవత్సరముల పేర్లతో మాత్రము జాగ్రత్త వహింపవలెను. అవి అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చును. ఒక పత్రముపై నందన సంవత్సరము అని యున్నదనుకొనుడు. అది 1832 కావచ్చును, 1892 కావచ్చును, 1952 కావచ్చును. అప్పుడు ముద్రకాగితమును చూడవలెను. అందు విక్టోరియా రాణి ముఖమున్నచో, ఆమె 1837లో రాణియై 1901లో గతించినది గనుక, ఆ పత్రము 1892–93 నాటిదని తేలును. ఇట్లు ఒక సాక్ష్యమునకు మరియొకటి తోడైనప్పుడే నిజము నిలుచును.

పెద్దల మాటలలో గూడ తేదీలు దాగియుండును. "మన వాళ్లు ధాత కరువులో ఈ దిక్కునకు వచ్చిరట" అని ఒక అవ్వ చెప్పినచో, అది చాల విలువైన మాట. ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876 నుండి 1878 వరకు, మద్రాసు రాజధానిని, మైసూరు రాజ్యమును మహాక్షామము పీడించినది. లక్షలమంది మడిసిరి. ఎన్నో కుటుంబములు కూటికొరకు ఊళ్లు విడిచినవి. అవ్వకు సంవత్సరపు అంకె తెలియదు. అయినను ఆమె చెప్పిన ఒక్కమాటతో మనకు రెండేండ్ల పరిమితిలో కాలము తెలిసినది. ఏ కరువులో, ఏ వరదలో, ఏ పెండ్లినాడు అని అడిగినచో, ఏ సంవత్సరమని అడిగినప్పటికంటె మంచి సమాధానము వచ్చును.

సర్కారు కాగితములు

ఇంటిలోని కాగితములు చూచిన పిమ్మట సర్కారు కాగితములకు పోవలెను. ఆంధ్రదేశమున అడంగలు, ఇనాము రిజిస్టరు, సబ్-రిజిస్ట్రారు కార్యాలయపు దస్తావేజులు. కర్ణాటకమున పహణి, ఖాతా పత్రములు. ఉభయత్ర పాత ఓటర్ల జాబితాలు. మద్రాసు రాజధానిలో ఇనాము కమీషను 1858లో ఏర్పడి, ఏ భూమి ఎవరికి, ఎప్పుడు, ఏ పనికై ఇయ్యబడినదో విచారించి వ్రాయించెను. ఇనాము భూమి గల కుటుంబములకు ఇందు రెండుమూడు తరముల పేర్లు ఒక్కచోట దొరకుట కలదు.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలెను. మన పల్లెల సంగతులు కాగితమునకు ఎక్కుటకు కారకులైన వారిలో ఇద్దరు స్కాట్లండు వారే. గ్లాస్గో నగరమున పుట్టిన థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములలో కలెక్టరుగా నుండి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందము చేసికొను పద్ధతిని నెలకొల్పెను. అంతకుముందు మొత్తము గ్రామము పేర నుండిన లెక్క రైతు పేరునకు వచ్చినది. ఆయన 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాచే మరణించెను. స్టార్నోవే అను దీవిపట్టణమున పుట్టిన కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే చేసి, 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరలు అయ్యెను. ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు ఏలూరువారైన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వీరును వీరి సహాయకులును ఊరూర తిరిగి, కరణములను, వృద్ధులను అడిగి కైఫీయతులు వ్రాయించిరి. ఊరికి పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, కరణీకము ఎవరికి సంక్రమించినది అను సంగతులు వీటిలో కలవు. కడపలోని సి. పి. బ్రౌను భాషా పరిశోధన కేంద్రము కడప జిల్లా కైఫీయతులను సంపుటములుగా ప్రచురించినది. మన తాతల పేర్లన్నియు అందు ఉండవు. ఊరిపెద్దలవి, ఉద్యోగులవి, దానములు చేసినవారివి మాత్రమే యుండును. అయినను మన యూరు రెండువందల యేండ్ల క్రిందట ఎట్లుండెనో తెలిసినచో, అందులో మన తాతను ఊహించుకొనుట సులభమగును.

దూరదేశములకు పోయిన తెలుగువారి కథ మనకు మరియొక పాఠము. 1860 నవంబరు 16వ తేదిన ట్రూరో అను ఓడ మద్రాసునుండి దక్షిణాఫ్రికాలోని దర్బను రేవునకు చేరినది. అది మొదలు 1911 వరకు చెరకుతోటలు మొదలగు పనులకై ఒప్పందపు కూలీలుగా పోయిన భారతీయులు 1,52,184 మంది. వారిలో తెలుగువారు అనేకులు. ఓడ జాబితాలో ప్రతి మనిషికి ఒక అంకె యిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైగల మచ్చలు సహితము వ్రాసిరి. ఇంటిపేరునకు మాత్రము అందు చోటులేదు. కావున తండ్రి పేరే కొడుకునకు ఇంటిపేరై, అదియు ఇంగ్లీషు గుమాస్తాకు వినవచ్చినట్లు మారిపోయినది. నాయుడు అన్న మాట ఎట్లు వ్రాయబడుచున్నదో అచ్చటినుండి వచ్చువారిని అడిగిన తెలియును. నేడు వారి మునిమనుమలు ఆ అంకెను పట్టుకొని, ఆ జాబితాలోని గ్రామము పేరును పట్టుకొని, విశాఖపట్టణమువైపును, ఉత్తర ఆర్కాటువైపును తమ యూరి కొరకు వెదకుచున్నారు. గ్రామము పేరు సరిగా వ్రాసియున్నవారు ఊరు చేరుచున్నారు. తప్పుగా వ్రాసియున్నవారు ఆగిపోవుచున్నారు. మన పిల్లలు నేడు విమానములలో పోవుచున్న దేశములు తలచుకొనినచో ఈ పాఠము మనకు ఎంత దగ్గరిదో తెలియును.

స్త్రీల పేర్లు

అన్నిటికంటె కష్టమైనది స్త్రీల జాడ. స్కాట్లండు కాగితములలో ఒక మంచి గుణము కలదు. అచ్చట వివాహమైన స్త్రీకి పుట్టినింటి పేరును విడువక వ్రాయుదురు. ఎవరు మరణించినను ఆ రిజిస్టరులో తండ్రి పేరుతోపాటు తల్లి పేరును, ఆమె పుట్టినింటి పేరును నమోదు చేయుదురు. సమాధిరాళ్లపై గూడ తరచు పుట్టినింటి పేరే కనబడును. అందుచేత తల్లివైపు వంశము కూడ చిక్కుచున్నది.

మన దేశమున 1951–52 నాటి తొలి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారు చేయునప్పుడు, ముఖ్యముగా ఉత్తరదేశమున, ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానా వాని భార్య", "ఫలానా వాని కూతురు" అని మాత్రమే వ్రాయించిరి. అట్టి సుమారు 28 లక్షల పేర్లను జాబితాలనుండి తొలగింపవలసి వచ్చినది. పేరు చెప్పనందున వారికి ఓటు పోయినది. మనుమలకు వారి జాడయు పోయినది.

మా యింటి సంగతి చెప్పుట న్యాయము. మా ముత్తాతగారి పేరు రెండు దస్తావేజులలో స్పష్టముగా నున్నది. మా ముత్తవ్వగారి పేరు ఎచ్చటను లేదు. మా యింట తాతల నాటి ఇత్తడి బిందెలు, గంగాళములు ఉండెడివి. సుమారు ముప్పది యేండ్ల క్రిందట వాటిని తూకమునకిచ్చి స్టీలు సామాను తెచ్చుకొంటిమి. అప్పుడు అది తెలివియైన పనియని అనుకొంటిమి. ఈ మధ్య మా మేనత్తగారి యింట తులసికి నీరుపోయు చెంబొకటి కనబడినది. అది ముత్తవ్వగారిదని అత్తగారు చెప్పిరి. అంచున చుక్కల అక్షరములలో మొదటివి అరిగిపోయి, చివర 'లమ్మ' అన్నది మాత్రము మిగిలినది. కమలమ్మయో, నాగులమ్మయో, పోలమ్మయో మాకు తెలియదు. ఆ బిందెల మీద పూర్తి పేరు ఉండియుండును. వాటిని అమ్మినవారము మేమే. అడుగదగిన పెద్దలు మా చిన్నతనమున ఇంటనే యుండిరి; మేము అడుగలేదు.

తల్లిదండ్రులకు మనవి

కావున చదువరులైన తల్లిదండ్రులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

వెదకుట ఎల్లప్పుడు మననుండియే మొదలిడి, ఒక్కొక్క తరము వెనుకకు పోవలెను. ఎవరో గొప్పవాని పేరు పట్టుకొని అచ్చటినుండి మన యింటికి దారి కల్పించుట తగదు. అది కథ యగునే గాని చరిత్ర కాదు.

పెద్దలు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. ఇద్దరు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాసి, ఎవరు, ఏ తేదిన చెప్పిరో ప్రక్కన గుర్తుంచుడు. తెలియని చోట ఖాళీ విడువుడు, ఊహతో నింపవలదు.

కాగితములో నున్నదంతయు సత్యమని నమ్మవలదు. మా రికార్డులలో మా పుట్టిన తేది జూన్ 1 అని యున్నది. మా అమ్మగారు మాత్రము మేము పుట్టినది కార్తికమాసమని చెప్పెడివారు. మమ్ము బడిలో వేసిన నాడు తేది తెలియక అయ్యవారు తోచినది వ్రాసిరి. మా వయస్సు వారిలో జూన్, జూలై నెలలలో పుట్టినవారు ఇందరుండుటకు కారణమిదియే. రెండు సాక్ష్యములు కలిసినప్పుడే ఒక సంగతిని నమ్ముట మంచిది.

అన్వేషణమున దత్తతలు, ద్వితీయ వివాహములు, పేదరికము, ఊరు విడిచిన కారణములు బయటపడవచ్చును. పెద్దలకు బాధ కలిగించు ప్రశ్నలను పిల్లలచేత అడిగింపవలదు. తెలిసిన దానితో ఎవరిని చిన్నచూపు చూడవలదు. కూలికి పోయిన తాతయు, కచేరీకి పోయిన తాతయు తాతలే.

ఇంటిపేరును, ఊరిపేరును తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడు లిపులలోను ఒకే తీరుగా వ్రాసి ఉంచుడు. పొడి అక్షరము వాడవలసి వచ్చినచో అది దేనికి గుర్తో ఒక్కచోటనైన విడమరచి వ్రాయుడు. పాత దస్తావేజులకు ప్లాస్టికు పూత వేయింపవలదు. శుభ్రమైన కాగితములో మడచి, తడి, చెదలు తగులని చోట ఉంచి, ఫోనుతో తీసిన బొమ్మలను ఇద్దరు ముగ్గురు బంధువుల యొద్ద దాచుడు.

మా వంతు పనియు కలదు. పాఠశాల చేరిక పుస్తకము సామాన్యమైన లెక్కపుస్తకమని మేమును చాలకాలము అనుకొంటిమి. నూరేండ్ల పిదప ఒక మునిమనుమరాలు తన తాత హూడిలో ఏ బడిలో చదివెనో తెలిసికొనుటకు ఆ పుటయే తెరువవచ్చును. అందుచేత చేరికనాడు మేము తల్లి పూర్తిపేరును, ఆమె పుట్టినింటి పేరును, ఇరువైపుల స్వగ్రామములను అడిగినప్పుడు, ఇవన్నియు ఎందులకని విసుగుకొనవలదని ప్రార్థించుచున్నాము.

వచ్చు దసరా సెలవులలో పలువురు స్వగ్రామములకు పోవుదురు. పిల్లలకు ఒక నోటుపుస్తకమిచ్చి అవ్వతాతల ప్రక్కన కూర్చుండబెట్టుడు. మొదటి పుటలో వ్రాయవలసిన మొదటి ప్రశ్న ఇది: "అవ్వా, మీ అమ్మ పేరేమి? ఆమె ఏ యూరి ఆడపడుచు?" ఈ ప్రశ్న అడుగుటకు మాకు ఇప్పుడు ఎవరును లేరు. మీలో అనేకుల కింకను ఉన్నారు.